అరవై కత్తులు, నెలకో గెజెట్: ఒక టపా ఆట నిర్మాణ డైరీ

0వ వారం: ఎంతమంది?

కట్టబోయేది 17వ శతాబ్దపు పారిస్‌లో నడిచే ఉత్తరాల ఆట. ఆటగాళ్ళు ఎవరి చోట వాళ్ళు కూర్చుని నెలకోసారి ఆర్డర్లు పంపుతారు. గేమ్ మాస్టర్ వాటన్నిటినీ కలిపి పారిస్‌లో ఒక నెల నడిపి, ఎవరు ఎక్కడ తాగారు, ఎవరిమీద కత్తి దూశారు, ఎవరికి పదవి దక్కింది అన్నదంతా 'గెజెట్' అనే పత్రికగా అచ్చేసి తిరిగి పంపుతాడు.

పద్ధతి పాతదే. 1963లో జాన్ బోర్డ్‌మన్ 'గ్రాస్టార్క్' పత్రికతో డిప్లొమసీ అనే బోర్డు ఆటని టపాలోకి తెచ్చాడు. 1970లో రిక్ లూమిస్ ఫ్లయింగ్ బఫెలో పేరుతో దీన్నే వ్యాపారంగా నడిపాడు. 1975లో గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ వాళ్ళ 'ఎన్ గార్డ్' వచ్చింది. డారిల్ హేనీ, ఫ్రాంక్ చాడ్విక్‌ల ఆ ఆట మొదట ఉత్త కత్తియుద్ధ నియమాలే. కొట్టుకోవడానికి కారణం కావాలి కదా అని క్లబ్బులు, రెజిమెంట్లు, ప్రియురాళ్ళు, పదవులు చుట్టూ చేర్చారు. చివరికి కత్తికంటే ఆ చేర్చిందే ఎక్కువ నిలిచింది. మన పునాది కూడా ఆ ఆటే.

ఎంతమందిని చేర్చాలన్నది ముందుగా తేలాల్సిన విషయం. ఒక లెక్క వేశాం. పన్నెండుమందిని ఆరు క్లబ్బులకు సమానంగా పంచితే క్లబ్బుకి ఇద్దరు, అంటే వారానికి 6 జతలు ఎదురుపడతాయి. అరవైమందిని పంచితే క్లబ్బుకి పదిమంది, ఒక్కో క్లబ్బులో 45 జతలు, మొత్తం 270. మనుషులు ఐదు రెట్లు పెరిగితే ఎదురుపాట్లు నలభై ఐదు రెట్లు పెరిగాయి. చిన్న ఆటలో మనిషి తన పాత్రతో ఆడుకుంటాడు, పెద్ద ఆటలో పక్కవాడితో ఆడతాడు. ఆ తేడాకి కారణం ఈ లెక్కే.

నిర్ణయం: 60. పది తగ్గినా నడవాలి, పది పెరిగినా గేమ్ మాస్టర్ మంచం పట్టకూడదు.

1వ వారం: ఏ నియమాలు ఉంచాలి

పాత్ర తయారీకి మూల నియమాల్ని పెద్దగా కదపలేదు. బలం, దేహదారుఢ్యం, కత్తి నైపుణ్యం ఒక్కోదానికి మూడు పాచికలు. బలాన్ని దేహదారుఢ్యంతో గుణిస్తే ఓర్పు. 11, 10 పడితే ఓర్పు 110, దెబ్బలు పడే కొద్దీ అందులోంచి తీసేస్తూ పోతారు. పుట్టుక కూడా పాచిక మీదే: సామాన్యుడా, పెద్దమనిషి కొడుకా, ప్రభువంశమా, పెద్దకొడుకా, రెండోవాడా, అక్రమ సంతానమా. ఈ ఒక్క వరుసే సగం ఉత్తరాలకి ముడిసరుకు ఇస్తుంది. ఆస్తిలేని రెండోకొడుకు అప్పడగకుండా ఉండడు.

ఆట ఆయువుపట్టు హోదా లెక్క. ప్రతి పాత్రకీ ఒక సాంఘిక స్థాయి ఉంటుంది. నెలలో ఆ స్థాయి అంకెకి సమానంగా హోదా పాయింట్లు వస్తే ఉన్నచోటే ఉంటాడు. మూడు రెట్లు వస్తే ఒక మెట్టు ఎక్కుతాడు. స్థాయికి కూడా చాలకపోతే ఒక మెట్టు దిగుతాడు. స్థాయి 2 వాడు ఎక్కాలంటే 6 చాలు, ఒంటరిగా తిరిగినా దొరుకుతాయి. స్థాయి 10 వాడికి 30 కావాలి. రెజిమెంటు, క్లబ్బు, ప్రియురాలు అన్నీ ఉన్నా ఒక్కడే తిరిగితే అన్ని రావు. పైవాడి పక్కన కనిపించాలి, కిందవాళ్ళు తన చుట్టూ చేరాలి, మంత్రి సిఫారసు దొరకాలి. పై మెట్లమీద స్నేహితులు లేనివాడు జారక తప్పదు.

అందుకే ఈ మూడు రెట్ల నియమం జోలికి పోవద్దు. కొత్తవాళ్ళకి కష్టమని రెండు రెట్లకి తగ్గిస్తే ఎవరి మెట్లు వాళ్ళే ఎక్కేస్తారు, ఉత్తరాలు ఆగిపోతాయి.

కాకా పట్టడం అన్నది మూల ఆటలోనే ఒక అధికారిక వారపు పని. తక్కువ స్థాయివాడు పెద్దవాడి చుట్టూ వారమంతా తిరుగుతాడు, ఇద్దరికీ లాభం. దీన్ని నవ్వులాటగా తీసేయకుండా ఉంచాం. మన సొంత షరతు ఒకటి: కాకా పట్టినవాడు ఒక పొగడ్త వాక్యం రాసివ్వాలి, అది గెజెట్‌లో అచ్చవుతుంది. వాక్యం లేకపోతే పాయింట్లు లేవు. భట్రాజుతనానికి రుజువు ఉండొద్దూ.

3వ వారం: ఆర్డర్ ఫారం

ఆటలో నెలకి నాలుగు వారాలు, వారానికి ఒక పని: క్లబ్బుకి పోవడం, కత్తి సాధన, ప్రియురాలి వెంటపడటం, జూదం, కాకా పట్టడం. అరవైమంది నాలుగేసి పనులు రాస్తే 240 వరుసలు. సొంత ధోరణిలో రాసిన ఉత్తరాల్లోంచి ఆ 240 ఏరడం గేమ్ మాస్టర్ పని కాకూడదు. ఫారంలో ఒక్కో వారానికి ఈ గడులు పెట్టాం: పని, చోటు, ఎవరి అతిథిగా, ఎవరికి ఆతిథ్యం, ఎవరైనా ఎదురైతే ఏం చేయాలి, తలుపు దగ్గర కుదరకపోతే ఎక్కడికి. చివర విడిగా ద్వంద్వయుద్ధ వరుస, అప్పు ఇచ్చిపుచ్చుకోవడాలు, పదవికి దరఖాస్తు, గెజెట్‌కి పంపే రాత.

ఆ చివరి గడి, 'కుదరకపోతే ఎక్కడికి' అన్నది, మొదటి నమూనాలో లేదు. అది లేకపోతే ఏమవుతుందంటే: క తన ఆర్డర్లో "గ ఎక్కడికి పోతే అక్కడికి" అని రాస్తాడు. గ తన ఆర్డర్లో "క ఎక్కడికి పోతే అక్కడికి" అని రాస్తాడు. ఇద్దరూ వీధి చివర నిలబడి ఒకరికొకరు దారిచ్చుకుంటూనే ఉంటారు. దానికి మూడు కట్టుబాట్లు పెట్టాం. వారానికి షరతు ఒక్కటే. ముందు షరతులేని ఆర్డర్లన్నీ నడుస్తాయి, తర్వాత వాటిమీద ఆధారపడ్డ షరతులు నడుస్తాయి, ఇంకా మిగిలినవి ప్రత్యామ్నాయ చోటుకి పోతాయి. షరతు మీద షరతు చెల్లదు.

అతిథి వ్యవహారంలో ఇంకో చిక్కు. క్లబ్బులకి స్థాయి కట్టుబాటు ఉంటుంది. మూల ఆటలో రెడ్ ఫిలిప్స్‌లోకి దాదాపు ఎవరైనా పోవచ్చు, ఫ్లర్ ద లీలోకి పోవాలంటే పెట్టిపుట్టాలి. స్థాయి చాలనివాడు సభ్యుడి అతిథిగా పోతాడు. ఇద్దరూ ఉత్తరాల్లో మాట్లాడుకునే ఉంటారు, కానీ ఒకడు రెండో వారం అని రాస్తాడు, ఇంకొకడు మూడో వారం అని. మన నియమం ప్రకారం ఆతిథ్యమిచ్చేవాడి ఆర్డరే చెల్లుతుంది, అందులో అతిథి పేరు ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. లేకపోతే అతిథి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు, గెజెట్‌లో ఒక వాక్యం పడుతుంది. ఇలాంటి తప్పుల్ని గేమ్ మాస్టర్ చాటుగా సర్దేయకూడదు. గుమ్మం బయట వానలో తడిసిన లెఫ్టినెంటు వచ్చే నెల రాసే ఉత్తరం సర్దేసిన ఆర్డరుకంటే వందరెట్లు నయం.

5వ వారం: పన్నెండుమందితో పరీక్ష

సగం దాకా చప్పగా నడిచింది. కారణం 0వ వారం లెక్కలోనే ఉంది. పన్నెండుమందికి ఆరు క్లబ్బులూ తెరిచి పెట్టాం, ఎవరికి ఎవరూ తగల్లేదు. మూడో టర్న్ (ఆటలో ఒక నెల) నుంచి నాలుగు క్లబ్బులు మూసి రెండే ఉంచితే క్లబ్బుకి ఆరుగురు, 15 జతలు, రెండిట్లో కలిపి 30. వెంటనే గొడవలు మొదలయ్యాయి, ఉత్తరాలూ మొదలయ్యాయి.

పెద్ద ఆట మొదటి నెలల్లోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. అందరూ కొత్తవాళ్ళే, అందరి స్థాయీ తక్కువే, పై క్లబ్బులు ఖాళీ, కింది క్లబ్బులు కిటకిట. అది తప్పు కాదు, అలా ఉండనివ్వాలి. ఎక్కినవాళ్ళు పైకి పోయి ఒంటరితనంతో అతిథుల్ని పిలవడం మొదలుపెట్టడానికి నాలుగైదు టర్న్‌లు పడుతుంది. క్లబ్బుల సంఖ్యకి మాత్రం ఒక కొలత పెట్టుకున్నాం: చురుగ్గా ఆడే ప్రతి ఎనిమిది నుంచి పదిమందికి ఒక క్లబ్బు. అంతకంటే పలచబడితే ఒకటి మరమ్మతుల పేరుతో మూసేయాలి.

7వ వారం: కత్తియుద్ధం పట్టిక

మూల పద్ధతిలో ద్వంద్వయుద్ధం అప్పటికప్పుడు ఆడేది కాదు. లంజ్, కట్, స్లాష్, పారీ, బ్లాక్ లాంటి కదలికల్ని ఆటగాడు ముందే వరుసగా రాసిస్తాడు. మధ్యలో విశ్రాంతి ఘడియలు ఉంటాయి. ఇద్దరి వరుసల్నీ పక్కపక్కన పెట్టి ఒక్కో ఘడియ పోల్చుకుంటూ పోవాలి. దెబ్బ పడితే బలం, ఆయుధం బట్టి ఓర్పు తరుగుతుంది. టపా ఆటకి కొలతపెట్టి కుట్టినట్టుండే ఏర్పాటు ఇది.

చేత్తో పోలిస్తే ఒక యుద్ధానికి ఆరేడు నిమిషాలు. నెలకి నలభై యుద్ధాలైతే నాలుగు గంటలు దాటుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో రెండు నిలువు వరుసలు, మూడో దాంట్లో పట్టికను వెతికే సూత్రం, నాలుగో దాంట్లో మిగిలిన ఓర్పు పెడితే ఒక్కోటి ఒకటిన్నర నిమిషం. ఎక్కువ తప్పులు దొర్లేది వరుస అయిపోయాక. పది ఘడియలే రాసిచ్చినవాడు పదకొండో ఘడియలో ఏం చేస్తాడు? ఖాళీ గడిని సూత్రం సున్నాగా తీసుకుంటే మనిషి మాయమైనట్టే. వరుస అయిపోతే మళ్ళీ మొదటి నుంచి తిరుగుతుందని నియమం రాసి, సూత్రంలోనూ అదే పెట్టాం.

యుద్ధాల సంఖ్యకి కళ్ళెం వేయాలి. రాజుగారి మస్కటీర్లు (రాజు దళం), కార్డినల్ గార్డులు (ప్రధానమంత్రి కార్డినల్ రిషెల్యూ దళం) ఆనవాయితీ శత్రువులు. ఒకే క్లబ్బులో ముగ్గురు వీళ్ళు, ముగ్గురు వాళ్ళు కలిస్తే తొమ్మిది యుద్ధాలకి కారణం సిద్ధం. తప్పుకున్నవాడికి హోదా పోతుంది కాబట్టి ఎవరూ తప్పుకోరు. మనిషికి వారానికి ఒక్క యుద్ధం, అదీ తనకి అందుబాటులో ఉన్న శత్రువుల్లో సాంఘిక స్థాయి ఎక్కువ ఉన్నవాడితో అని పెట్టాం. ఆ తొమ్మిదీ మూడుకి తగ్గాయి. మిగిలిన ఆరు కారణాలు కొట్టేయలేదు, ఖాతాలో నిలిచి ఉంటాయి. వచ్చే నెల వాటిని తీర్చుకోవడానికి జనమే ఉత్తరాలు రాసుకుంటారు.

చావు సంగతి. లొంగిపోయే ఓర్పు హద్దును ఆటగాడే ఫారంలో రాయాలి. రాయకపోతే సగం అని అనుకుంటాం. ఇది లేని రోజుల్లో ఉత్తి మతిమరుపుకి పాత్రలు చచ్చిపోయేవి. పగతో చస్తే కథ, ఖాళీ గడితో చస్తే ఫిర్యాదు.

9వ వారం: గెజెట్

ఆటలో కత్తికంటే పదునైన ఆయుధం ఇదే. కాలానికి తగ్గ నమూనా కూడా దొరికింది: తెయోఫ్రాస్త్ రెనోదో 1631లో పారిస్‌లో మొదలుపెట్టిన వారపత్రిక లా గెజెట్. దాని తీరులోనే తలకట్టు పెట్టి, లోపల పన్నెండు పేజీలు పంచుకున్నాం. క్యాలెండరు, హెచ్చరికలు ఒకటి. బహిరంగ పట్టిక రెండు, అందులో పేరు, రెజిమెంటు, స్థాయి. వారాలవారీ సంఘటనలు నాలుగు. పదవులు, నియామకాలు ఒకటి. ఆటగాళ్ళ రాతలు మూడు. చావులు, పెళ్ళిళ్ళు, అప్పుల వాళ్ళ ప్రకటనలు ఒకటి. గెజెట్‌తోపాటు ప్రతి ఒక్కరికీ విడిగా ఒక అరపేజీ చీటీ: డబ్బు ఎన్ని క్రౌన్లు, మిగిలిన ఓర్పు, పాయింట్లు, తనకి మాత్రమే తెలిసిన సంగతులు.

నెలకి వెయ్యి దాటిన ఎదురుపాట్లన్నీ రాస్తే గెజెట్ కాస్తా జనాభా లెక్కల పుస్తకం అవుతుంది. ఏదో ఒకటి మారినవే రాయాలి: కత్తి దూసింది, గుమ్మం దగ్గర ఆగింది, పైవాడితో కనిపించింది, ఒకే ఆవిడ ఇంటికి ఇద్దరు వచ్చింది. ఒక్కోటి ఒకటి నుంచి మూడు వాక్యాలు. కార్యకారణాలు రాయాలి, తీర్పు రాయకూడదు. "ఫలానావాడు పిరికిగా తప్పుకున్నాడు" అని గేమ్ మాస్టర్ రాశాడంటే మిగతా యాభై తొమ్మిదిమంది నోటి దగ్గర కూడు లాగేసినట్టే. "ఫలానావాడు గుర్రం కుంటుతోందని వెళ్ళిపోయాడు" అని రాసి వదిలేయాలి. ఆ గుర్రం మీద వచ్చే నెల పద్యాలు వస్తాయి.

ఆటగాళ్ళ రాతలకి పరిమితి 120 మాటలు. అరవైమందీ రాస్తే 7,200 మాటలు, మూడు పేజీల్లో పట్టేది మహా అయితే 1,800. ప్రతి నెలా అందరూ రాయరు కాబట్టి సరిపోతుంది. మిగిలితే చిన్నవి ముందు వేసి, పొడుగువి మరుసటి సంచికకి జరపాలి. కత్తిరించవద్దు. ఒకసారి కత్తిరిస్తే ఆ మనిషి మళ్ళీ రాయడు.

సంతకం సంగతి చాలాసేపు నలిగింది. టపా డిప్లొమసీ ఆటల్లో సంతకంతో వచ్చే ప్రెస్ (ఆటగాళ్ళు పత్రికకి పంపే రాతలు), సంతకం లేని ప్రెస్ అన్న తేడా మొదటి నుంచీ ఉంది. ఇక్కడ కూడా గెజెట్‌లో ఆకాశరామన్న ఉత్తరాలకి అనుమతి ఇచ్చాం. ఎవరినైనా పేరు పెట్టి ఎత్తిపొడవచ్చు, కానీ ఇంకొకరి సంతకం పెట్టి రాయకూడదు. ప్రైవేటు ఉత్తరాల్లో అబద్ధాలాడొచ్చు, వాగ్దానం తప్పొచ్చు, ఏరు దాటి తెప్ప తగలేయొచ్చు, ఫోర్జరీ మాత్రం కూడదు. కారణం నీతి కాదు, ఆటే. ఫోర్జరీకి దారిస్తే ప్రతి ఉత్తరాన్నీ అనుమానించాల్సి వస్తుంది, అనుమానించడం కంటే రాయకపోవడం తేలిక కాబట్టి ఉత్తరాలు ఎండిపోతాయి.

ఇంకొక గట్టి గీత: పాత్రగా రాసే ఉత్తరానికి తలకట్టులో పాత్ర పేరు, మనిషిగా రాసే దానికి 'ఆట బయట' అన్న గుర్తు. ఈ గుర్తు లేని తిట్టు ఎవరిని తిట్టినట్టో తెలియదు. ప్రియురాళ్ళందరూ గేమ్ మాస్టర్ చేతిలోని పాత్రలే. ఆటగాళ్ళ మధ్య శృంగార ఉత్తరాలు ఇద్దరూ ఒప్పుకుంటేనే.

11వ వారం: అరవైమందినీ కూర్చోబెట్టడం

చేరడం తేలిక, తప్పిపోవడం అంతకంటే తేలిక. అరవై పేర్ల పట్టిక చేతికిస్తే కొత్తవాడు ఎవరికి రాయాలో తెలియక ఎవరికీ రాయడు. మొదటి కవరులోనే మూడు పేర్లు రాసి ఇస్తున్నాం: తన రెజిమెంటులో తనకంటే పైఅధికారి, శత్రు రెజిమెంటులో తన స్థాయివాడు, పుట్టుకలో తనలాంటివాడు. ఒకడు ఆదేశిస్తాడు, ఒకడు రెచ్చగొడతాడు, ఒకడు కష్టసుఖాలు పంచుకుంటాడు. ముగ్గురిలో ఒక్కరు బదులిచ్చినా మనిషి నిలబడతాడు. పైఅధికారికి కూడా "ఫలానా కుర్రాడు నీ కంపెనీలో చేరాడు" అని చీటీ పోవాలి. ఒకవైపే చెబితే ఉత్తరం గాల్లో కలుస్తుంది.

చక్రం 28 రోజులు. గెజెట్ వెళ్ళిన రోజు 0. 21వ రోజు రాత్రి ఆర్డర్లకి గడువు. ఐదు రోజులు లెక్కలు, రెండు రోజులు అచ్చు, పంపకం. 21 రోజుల్ని తగ్గించమని అడిగేవాళ్ళు ఉంటారు. తగ్గించకూడదు. ఆర్డరు రాయడానికి ఒక గంట చాలు. ఆ మూడు వారాలూ ఇచ్చింది బేరాలకి: ప్రతిపాదన ఒకటి, బదులు ఒకటి, ఖరారు ఒకటి, అంటే మనిషికి మూడు రాకపోకలు. రెండు వారాల చక్రంలో మొదటి బదులు వచ్చేసరికే గడువు దాటుతుంది, అందరూ ఒంటరి ఆర్డర్లే పంపుతారు.

టర్న్ 1 నుంచి 3, జనవరి నుంచి మార్చి

ఆర్డర్లు రాకపోవడం పెద్ద ఆటలకి పట్టే చెద. ఒక్కడు రాకపోతే వాడి నష్టంతో పోదు. వాడిని అతిథిగా పిలిచినవాడు, వాడి కోసం క్లబ్బులో కాపుకాసినవాడు, వాడి అప్పు కోసం ఎదురుచూసేవాడు కూడా చెడతారు. అందుకే ప్రతి ఒక్కరితో చేరినప్పుడే స్థిర ఆర్డర్లు నాలుగు వారాలకి రాయించుకున్నాం. ఆర్డరు రాకపోతే అవే నడుస్తాయి. స్థిర ఆర్డర్లలో జూదం, అప్పు, ప్రియురాలి వెంటపడటం చెల్లవు, క్లబ్బు, సాధన మాత్రమే చెల్లుతాయి. గడువుకి మూడు రోజుల ముందు రానివాళ్ళకి ఒక్క వాక్యం జ్ఞాపిక. వరసగా రెండు నెలలు రాకపోతే పాత్ర 'స్వగ్రామానికి వెళ్ళింది', మూడో నెల కూడా రాకపోతే జాబితాలోంచి పోతుంది, ఎదురుచూస్తున్నవాళ్ళలో ఒకరు చేరతారు.

లెక్కలు చేసే వరుస ఖరారైంది, మారిస్తే గందరగోళమే: అప్పులు, జీతాలు ముందు, రెజిమెంటు డ్యూటీ, తర్వాత వారం వారం చొప్పున చోట్లు, అతిథులు, ఎదురుపాట్లు, యుద్ధాలు, ప్రియురాళ్ళు, జూదం. ఒక వారం పూర్తిగా తేలాకే తర్వాతి వారం. రెండో వారంలో ఓర్పు సగానికి పడిపోయినవాడు మూడో వారంలో నిండు బలంతో కొట్టడం అన్న తప్పు ఈ వరుస తప్పడం వల్లే వస్తుంది. నాలుగు వారాలకీ నాలుగు విడి షీట్లు, ప్రతి షీటూ కిందటి దాని మిగులుతో మొదలు.

చచ్చిపోయినవాళ్ళ ఏర్పాటు కూడా ఇక్కడే కుదిరింది. అంత్యక్రియలకి వచ్చినవాళ్ళకి ఒక హోదా పాయింటు అని సొంత నియమం పెట్టాం. ఒక్క పాయింటే, కానీ శత్రువులు కూడా వస్తారు. అక్కడ యుద్ధాలు నిషేధం కాబట్టి ఊళ్ళో అందరూ ఒకచోట చేరే ఏకైక సందర్భం అదే అయింది. చచ్చినవాడి ఆటగాడికి అదే టర్న్‌లో కొత్త పాత్ర ఇవ్వాలి. పాత పగలు కొత్త పాత్రకి రావు, పాత అప్పులూ రావు.

టర్న్ 4, 5: మంత్రులు

మూల ఆటలో యుద్ధమంత్రి, న్యాయమంత్రి లాంటి పదవులు ఆటగాళ్ళకే దక్కుతాయి. కిందవాళ్ళ దరఖాస్తుల మీద తీర్పు వాళ్ళదే. కుర్చీ ఖాళీగా ఉంటే పాచిక నిర్ణయిస్తుంది. మంత్రి కుర్చీలో మనిషి కూర్చోగానే ఆట స్వభావమే మారిపోతుంది. పాచికకి కాకా పట్టలేం కదా.

వచ్చే చిక్కు జాప్యం. ఇరవై దరఖాస్తులు గడువు రోజున మంత్రికి చేరితే ఆయన ఎప్పుడు చదువుతాడు? దరఖాస్తులకి వేరే గడువు పెట్టాం: 14వ రోజు. 15న ఒకే పట్టికగా మంత్రికి, 21లోగా ఆయన జవాబు. రాకపోతే ఆ నెలకి పాచిక, ఆయనకి సాంఘిక స్థాయి అంత హోదా కోత. సోమరి మంత్రి ఒక్కడు పదిమంది ఆట పాడుచేస్తాడు కాబట్టి ఈ కోత నిర్దయగానే ఉండాలి.

న్యాయమంత్రి చేతికి అసలైన చరిత్రే ఒక మంచి ఆయుధం ఇచ్చింది. రిషెల్యూ కాలంలో 1626 శాసనం ద్వంద్వయుద్ధాల్ని కఠినంగా నిషేధించింది. పారిస్‌లోని ప్లాస్ రొయాల్ కూడలిలో పట్టపగలు కత్తి దూసిన ప్రభువు మోంమొరెన్సీ-బూత్‌విల్‌కి 1627లో తల తీశారు. మన ఆటలో న్యాయమంత్రి ఒక నెలకి 'శాసనం అమలు' ప్రకటించవచ్చు, ఏడాదికి ఒక్కసారే. ఆ నెల క్లబ్బులో యుద్ధం చేసిన ఇద్దరికీ జరిమానా. ప్రకటించే హక్కు ఏడాదికి ఒకసారే కావడంతో అది జరగకపోయినా బెదిరింపుగా పనికొస్తోంది. మంత్రి గుమ్మం దగ్గర రద్దీ.

టర్న్ 6 నుంచి 8: జూన్, జులై, ఆగస్టు

వేసవి దండయాత్రల కాలం. రెజిమెంట్లు సరిహద్దుకి పోతాయి. అక్కడ దోపిడీ సొమ్ము, డిస్పాచుల్లో (యుద్ధరంగ నివేదికల్లో) పేరు, పదోన్నతి, లేదా చావు దక్కుతాయి. ముట్టడికి నమూనాగా 1627–28లో రాజసేన చుట్టుముట్టిన రేవుపట్టణం లా రొషేల్‌ని తీసుకున్నాం. నెలలకొద్దీ సాగింది కాబట్టి మూడు టర్న్‌లకీ సరిపోయింది.

అన్ని రెజిమెంట్లనీ పంపితే పారిస్ పాడుబడుతుంది. క్లబ్బుల్లో మిగిలినవాళ్ళు గోడలతో మాట్లాడుకోవాలి, సరిహద్దులో ఉన్నవాళ్ళకి పాచికల ఫలితాలు తప్ప ఆడటానికి ఏమీ ఉండదు. యుద్ధమంత్రి సగానికి మించి పంపకూడదని హద్దు పెట్టాం. ఏ సగం పోవాలన్నది ఆయన ఇష్టం, దానికోసం మే నెలంతా ఉత్తరాలే ఉత్తరాలు. శిబిరంలో ఉన్నవాళ్ళకి కూడా ఒక గుడారపు క్లబ్బు పెట్టాం, వారానికొక పని అక్కడ ఆడుకోవచ్చు. రెండు శత్రు రెజిమెంట్లని ఒకే బ్రిగేడులో పడేస్తే ఫలితం ఇంకా బాగుంటుంది.

దండయాత్ర అసలు పంట సెప్టెంబరులో చేతికొస్తుంది. సరిహద్దుకి పోయినవాళ్ళ ప్రియురాళ్ళ ఇళ్ళ చుట్టూ ఊళ్ళో మిగిలినవాళ్ళు తిరిగి ఉంటారు. వాళ్ళు తిరిగొచ్చాక చీటీలో ఆ సంగతి తెలుస్తుంది. ఎవరన్నది మాత్రం చెప్పకూడదు, 'ఒక కార్బినీర్ (తుపాకీ పట్టిన గుర్రపు సైనికుడి) టోపీ గుమ్మంలో కనిపించింది' దగ్గర ఆపాలి. మిగతా విచారణ ఉత్తరాల్లోనే జరుగుతుంది, తరచూ తప్పు మనిషి దొరుకుతాడు.

ఇప్పటికి మిగిలిన పని

అప్పుల ఖాతా ఇంకా చేత్తోనే నడుస్తోంది. ఇద్దరి ఆర్డర్లలోనూ అంకె ఒకటే ఉంటే అంత డబ్బు చేతులు మారుతుంది, లేకపోతే తక్కువ అంకె. ఒకే సొమ్ము ముగ్గురి చేతులు మారే గొలుసులో మొదటివాడి దగ్గర క్రౌన్లు లేకపోతే ఎక్కడ తెగుతుందన్నది సూత్రంలోకి ఎక్కించాలి.

బహిరంగ పట్టికలో స్థాయి అంకె అచ్చు వేయడం మానేసి, 'పెద్దలు', 'మధ్యములు', 'కుర్రకారు' అని మూడు తరగతులుగా చూపించాలన్న ప్రతిపాదన ఉంది. అంకె కనిపిస్తుంటే ఎవరికి కాకా పట్టాలో లెక్కకట్టి పట్టేస్తున్నారు. కనిపించకపోతే అడిగి తెలుసుకోవాలి, అడగాలంటే రాయాలి. టర్న్ 9లో ఒక్క నెల అలా వేసి, ఉత్తరాల సంఖ్య ఎలా ఉందో ఫారంలో ఒక గడి పెట్టి అడుగుతాం.

ఆరో క్లబ్బు కప్పు కారుతోంది. చురుగ్గా ఆడేవాళ్ళు 48 కంటే తగ్గితే మరమ్మతులు మొదలు.